డాగ్‌వుడ్ పొదలకు మార్చి కోత

లింకన్‌షైర్‌లో నెథర్‌బీ గ్రామం, కాలవగట్టు మీద చివరి ఇంట్లో ఉంటున్న హెస్టర్ స్కెల్టన్ అనే నేను, వయసు ఎనభై ఒకటి, పెళ్లి లేదు, పిల్లల్లేరు, పక్కన కూర్చుని చెవిలో ఊదేవాళ్లు ఎవరూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు నా తోటలోని డెబ్బై రెండు డాగ్‌వుడ్ పొదల్లో ఏది ఏ ఏడు నాటానో అడిగి చూసుకోవచ్చు. అడిగేవాళ్లు ఈ మధ్య ఎవరూ రాలేదు గనక ఆ సంగతి నాకు నేనే ధ్రువీకరించుకుంటున్నాను.

1. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత బెరిల్ టాంకార్డ్‌కి అప్పగిస్తున్నాను. నేను కాలవగట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న రోజుల్లో ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడది. ఇప్పటికీ ప్రతి శుక్రవారం నాకు సరుకులు తెచ్చి, అరగంట కూర్చుని, తన మోకాళ్ల గురించి చెప్పి వెళుతుంది. వారం మొత్తంలో నా ఇంట్లో మనిషి గొంతు వినపడేది ఆ అరగంటే. రేడియో లెక్కలోకి రాదు.

2. నా ఇల్లు, ఇంట్లోని సామాను, పింగాణీ టీ కప్పులు (పదకొండు, పన్నెండోది ఏమైందో ఆరో అంశంలో చెబుతాను), ఇవన్నీ సర్వహక్కులతో సదరు బెరిల్‌కే చెందాలి. మెట్ల కింద గదిలోని చెక్కపెట్టె తెరవకుండా తగలబెట్టమని మనవి. అందులో ఉన్నవి ప్రేమలేఖలేమీ కావు, వెధవ ఊహలు పెట్టుకోవద్దు. నేను ఊళ్లోవాళ్లకి రాసి, పంపకుండా ఆపుకున్న తిట్ల ఉత్తరాలు.

3. పోస్ట్‌మ్యాన్ గ్లిన్ పారీకి మా నాన్న గొడుగు, నా ఉన్ని శాలువా. అతనికి ఒక నిజం కూడా బాకీ ఉన్నాను. గ్లిన్, ఆ విత్తనాల క్యాటలాగులు నేను చదవడానికి తెప్పించుకోలేదయ్యా. అవి తలుపుకి ఉత్తరాల కోసం పెట్టిన సందులో పట్టవు. పట్టకపోతే నువ్వు తలుపు కొట్టాలి. నువ్వు "ఏవమ్మోయ్, ఇంకా ఉన్నావా?" అని కేకేస్తే నేను "ఇంకా నీ పీడ వదల్లేదురా!" అనేదాన్ని. అంతకంటే మనం ఏం మాట్లాడుకున్నామని! అయినా వారానికి రెండుసార్లు తల దువ్వుకుని కూర్చునేదాన్ని.

4. ఇక అసలు ఆస్తి. కాలవ వెంబడి తడినేలలో ఉన్న డాగ్‌వుడ్ పొదలు ఇంటితో పాటే బెరిల్‌కి దఖలుపరుస్తున్నాను. షరతు ఒక్కటే. ఏటా మార్చిలో, చిగురు విప్పకముందే, ప్రతి పొదనూ జానెడు మోడు ఉంచి కింది దాకా నరకాలి. ఈ పొద అందమంతా కాడల రంగులోనే, ఆ రంగు కొత్త కాడకే ఉంటుంది. ముసలి కాడ బూడిదరంగుకి తిరుగుతుంది. నరకకుండా ముద్దు చేస్తే మూడేళ్లలో అది దారిన పోయే ఎవరూ తలతిప్పి చూడని పిచ్చిపొద అయిపోతుంది. నరికితే మాత్రం ఏడాది పొడుగునా రంగే. వసంతంలో తెల్ల అంచు ఆకులు, అక్టోబరులో అవే ఆకులు నల్లద్రాక్ష రంగు, ఆకు రాలాక ఎరుపు, నారింజ, పసుపు కాడలు. ఊరంతా బురద, పొగమంచు తప్ప ఇంకేమీ లేని నాలుగు నెలలూ నేను వాటిని చూసే బతికాను.

చిక్కేమిటంటే బెరిల్‌కి చెయ్యి రాదు. పోయిన మార్చిలో కత్తెర ఇచ్చి నిలబెట్టాను. "అమ్మో హెస్టర్, ఇంత కళగా ఉన్నదాన్ని ఎలా నరకను? పాపం కదూ!" అని రెండు చిన్న కొమ్మలు తుంచి, కూజాలో పెట్టుకుంటానని ఇంటికి పట్టుకుపోయింది. మిగతావన్నీ నేనే నరికాను, మోకాళ్ల మీద పాక్కుంటూ, తొమ్మిది రోజులు. వచ్చే మార్చికి ఈ చేతుల్లో ఆ సత్తువ ఉండదు. చావంటే నాకు భయం లేదు. నా పొదలు బూడిదరంగుకి తిరుగుతాయంటే మాత్రం నిద్ర పట్టడం లేదు.

5. మా ఊరి పాస్టరు నైజెల్ ఫ్రాబిషర్‌కి ఏమీ ఇవ్వడం లేదు. ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా పొదల్ని చూసి, "కర్రలు బాగున్నాయండీ" అన్నాడు. కర్రలట!

6. నా తమ్ముడు విల్‌ఫ్రెడ్ స్కెల్టన్, వయసు డెబ్బై ఆరు, నాలుగు మైళ్ల దూరాన స్టోక్‌బీలో బేకరీ మీది గదిలో నివాసం. అతనికి నా ఆస్తిలో చిల్లిగవ్వ చెందదు. కారణం రాయాలని చట్టమేమీ లేదు. అయినా రాస్తాను.

మేమిద్దరం ఈ ఇంట్లోనే కలిసి ఉండేవాళ్లం. నేను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్న ఆ నవంబరులో మా విల్ఫ్ తోటకి పక్క వేశాడు. చలికాలం ముందు ఇక్కడ అందరూ చేసే పనే అది. ఎండినవి కోసేసి, ఆకులు ఊడ్చి, తోటని శుభ్రంగా నిద్రపుచ్చడం. ఆ ఊపులో నా డెబ్బై రెండు పొదల్నీ నేలమట్టం చేశాడు. మార్చిలో నరకవలసినవి! రంగు అప్పుడే ఎక్కుతోంది, ఆ చలికాలం మొత్తం నాకు మోళ్లే మిగిలాయి. ఇంటికి వచ్చి చూసి రెండు నెలలు పళ్లు బిగబట్టుకున్నాను. ఆ రోజుల్లో ఏటా ఫిబ్రవరిలో మా తోట చూడ్డానికి జనం వచ్చేవారు. బస్సు దిగిన నలభై మందీ మోళ్ల ముందు నిలబడి, "రంగులేవండీ?" అని అడిగారు. విల్ఫ్ వాళ్లకి టీ పళ్లెం పట్టుకొస్తున్నాడు. అంతమంది ముందు నోరు జారాను. "చేతగాని వెధవా, అమ్మ బతికుంటే నిన్ను చూసి సిగ్గుతో చచ్చేది" అన్నాను. వాడు పళ్లెం కింద పెట్టాడు. పెడుతుంటే ఒక కప్పు పగిలింది. కోటు తీసుకుని, అదే బస్సులో జనంతో పాటు వెళ్లిపోయాడు.

ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు, లోపల పేరు తప్ప ఇంకో ముక్క ఉండదు. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. అవన్నీ దాచాను.

7. ఇది సోమవారం రాస్తున్నది. వకీలు ఆఫీసుకి ఫోన్ చేసి సంతకాల సంగతి అడిగాను. సాక్షులు ఇద్దరుండాలట. ఇద్దరూ ఒకేసారి నా ఎదుట నిలబడి నా సంతకం చూడాలట. వీలునామాలో ఏదైనా రాసి ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకి రాసింది చెల్లదట. "తెలిసినవాళ్లు ఇద్దరుంటే చాలండీ, అదేం పెద్ద పని కాదు" అంది ఆ అమ్మాయి. నిక్షేపంగా అంది.

ఫోన్ పెట్టేసి ఆలోచించాను. నా గడప తొక్కేవాళ్లు బెరిల్, గ్లిన్. ఇద్దరికీ రాసిచ్చేశాను. ఈ ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లు నాకు కార్ల రంగుల్ని బట్టి తెలుసు, పేర్లు తెలీవు. ఇక నేను ఎరిగిన మొహాలు రెండే, నేను ఏమీ ఇవ్వనని కక్షగట్టి రాసిన ఇద్దరు. అప్పుడు ఏడ్చాను. వీలునామాలో ఇలాంటివి రాయకూడదేమో, రాశాను.

పాస్టరు గారికి కబురు పెట్టాను. తమ్ముడికి కార్డు రాశాను: "సాక్షి కావాలి. నీకేమీ రాయలేదు గనక పనికొస్తావు. గురువారం పదకొండింటికి. హెస్టర్."

8. ఇది గురువారం రాస్తున్నది. విల్ఫ్ పదింటికే వచ్చాడు. గేటు దగ్గర టోపీ తీసి పొదల్ని చూస్తూ నిలబడిపోయాడు. వణుకుతున్నాడని నేనే తలుపు తీశాను. జుట్టు మొత్తం పోయింది, నాన్న పోలిక వచ్చేసింది. ఇప్పుడు బల్లకి అవతల కూర్చున్నాడు. పాస్టరు గారు బిస్కెట్లు తింటూ కిటికీలోంచి చూస్తున్నారు, ఈసారి కర్రలు అనలేదు.

ఆరో అంశం విల్ఫ్ చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "నవంబరులో నరకకూడదని ఆ వారమే తెలిసిందక్కా, నీ పుస్తకంలోనే చూశాను. నువ్వు వచ్చేసరికి ఇల్లు చక్కగా ఉండాలనుకున్నాను, అంతే" అన్నాడు. ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. "నువ్వు చెప్పనిచ్చావా?" అన్నాడు. ఇవ్వలేదు.

సాక్షి సంతకం వద్దు, ఆరో అంశం కొట్టేసి పొదలు నీ పేరనే రాస్తాను, సాక్షిని ఇంకెక్కడైనా వెతుక్కుంటాను అన్నాను. "ఎక్కడ వెతుకుతావు, కాలవలోనా? నాకేమీ రాయకు. మార్చిలో నేనొచ్చి నరుకుతా, నువ్వు కిటికీ తెరుచుకుని కూర్చుని తిడుతూ ఉండు" అన్నాడు. కాబట్టి నాలుగో అంశంలోని షరతు బెరిల్ మీద ఉండదు. ఆ పని విల్ఫ్‌ది.

9. అమ్మ పేరు చెప్పి నేను నా తమ్ముడిని అన్న మాటను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఈ వీలునామాలో మిగతావన్నీ నేను పోయాక అమల్లోకి వస్తాయి. ఈ ఒక్క అంశం మాత్రం సంతకం ఆరకముందే వస్తుంది.

నెథర్‌బీ, 2022 నవంబరు 17, గురువారం, పగలు పదకొండున్నర.

(సంతకం) హెస్టర్ స్కెల్టన్

మేమిద్దరం ఎదుట ఉండగా ఆమె సంతకం చేసింది, ఆమె చూస్తుండగా మేము చేశాం:

1. నైజెల్ ఫ్రాబిషర్, పాస్టరు, నెథర్‌బీ
2. విల్‌ఫ్రెడ్ స్కెల్టన్, ఆమె తమ్ముడు