ఈ ఫోటోలో ఆమె మాత్రమే

సోమవారం, పొద్దున

నిర్ణయం తీసుకున్నాను. నా సహచరి ('మా ఆవిడ' అని నేను రాయను, అందులో యాజమాన్యం వాసన ఉంది) ఆస్పత్రి ఉద్యోగుల సంఘం కార్యదర్శి పదవికి పోటీ చేస్తోంది. ఎదురు నిలబడింది సూపరింటెండెంటు మనిషి. ఏ గోడ చూసినా అతని మొహమే. ఈమె నర్సుగా ఇన్నేళ్లు చేసినా పక్క భవనం వాళ్లకి ఎవరో తెలియదు. శుక్రవారం సాయంత్రానికి పోస్టరు ప్రెస్సుకి వెళ్లాలి.

ఫోటో నేనే తీస్తాను. స్త్రీలు కనబడకుండా పోవడం మీద ఇన్ని వ్యాసాలు రాసినవాణ్ణి, ఇది నా బాధ్యత. చూసేవాళ్ల కన్ను ఆమె మీదే పడాలి.

సాయంత్రం

కెమెరా అరువు తెచ్చాను. దాంతో వచ్చిన పుస్తకం చదివాను. ముఖ్యమైన మనిషి మీద చూపు నిలపాలంటే: వెనకున్నవి మసక చెయ్యాలి. వెలుగు ఆ మనిషి మీద పడాలి. చుట్టూ ఉన్నవాళ్లు అటే చూడాలి. ఇంతేనా. రేపటికి అయిపోతుంది.

మంగళవారం

ఆస్పత్రి వరండా. మసక చెయ్యబోయి ఆగాను. వెనక ఎవరున్నారు? ఆయాలు, వార్డు బాయ్‌లు. శ్రామికుల్ని మసక చేసి ఒక్కరిని మెరిపించాలట. ఈ సూత్రాలు ఎవరి కోసం రాశారో తెలుస్తూనే ఉంది. అందరూ స్పష్టంగా పడేలా తీశాను.

ఇంటికొచ్చి కూతురికి చూపించాను.

"అమ్మ ఏది నాన్నా?"

"సరిగ్గా చూడు, ఉంది."

స్ట్రెచర్ వెనక దొరికింది.

బుధవారం

ఆయాలందరినీ ఆమె వైపు చూడమన్నాను. పాపం, చూశారు. తలలెత్తి, చేతులు కట్టుకుని. నాకు ఒళ్లు మండింది. నాయకుణ్ణి భక్తితో చూసే జనం. జీవితమంతా నేను తిట్టిపోసిన పోస్టరు ఇదే కదా. అక్కడికక్కడే వ్యక్తిపూజ గురించి నాలుగు మాటలు చెప్పాను. నాలుగూ కాస్త సాగాయి.

"అయ్యా, బెడ్‌పాన్లు అలాగే ఉన్నాయి. పోయి రామా?" అంది పెద్ద ఆయా.

ఫోటో రాలేదు. తప్పు నాది కాదు. వెలుతురు పోయింది.

గురువారం

ఇంట్లో, కిటికీ పక్కన. వెలుగు బ్రహ్మాండం. మసకకి కూడా ఒప్పుకున్నాను, వెనకున్నది పుస్తకాల బీరువాయే కనక. అందులో నా వ్యాస సంపుటాలు మాత్రం కొంచెం తెలిసేలా ఉంచాను. సందర్భం కోసం.

అన్నీ చెత్త. ప్రతి దాంట్లోనూ ఒకటే మొహం. పెదాలు బిగించి, తల కాస్త వంచి.

"ఎందుకలా పెడతావు మొహం?"

"ఎప్పుడు ముగిస్తారా అని చూస్తున్నాను."

"ఏం ముగించాలి?"

"మాట్లాడ్డం."

తీస్తూ తీస్తూ కెమెరా కోణం వెనకున్న రాజకీయాన్ని వివరిస్తున్న మాట నిజమే. వివరించకపోతే ఎలా? మా పెళ్లి ఫోటోల నుంచీ అమ్మది అదే మొహం అని కూతురి పరిశోధన. అతిశయోక్తి.

శుక్రవారం

ఆఖరి అవకాశం. మధ్యాహ్నం కూతురితో క్యాంటీన్‌కి వెళ్లాను. బల్ల జరపమన్నాను. కుర్చీ తిప్పమన్నాను. కాదు, మొదట ఉన్నట్టే బాగుందన్నాను. మా ఆవిడ (రాశాను, కోపంలో రాశాను) అన్నం ముందు నుంచి లేచింది. వేలు చూపించి, క్యాంటీన్ అంతా వినేలా అంది:

"నాలుగు రోజులైంది. ఒక్కసారైనా అడిగారా, దేనికి నిలబడ్డావే అని? రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు రెండు వార్డులు చూస్తోంది. రెండు వైపులా ఒకేసారి పిలిస్తే ఎటు పరిగెత్తాలి? మీ కోణంలో అది పడుతుందా? ముందు ఆ కెమెరా కింద పెట్టండి."

పెట్టాను. వెనక కూతురి ఫోన్ క్లిక్కుమంది.

ప్రెస్సుకి ఆ ఫోటోయే వెళ్లింది. మధ్యలో ఆమె, నోరు తెరిచి, వేలు చాచి, కళ్లలో నిప్పులు. బల్లల దగ్గరి వాళ్లంతా ఆమెనే చూస్తున్నారు, ఎవరూ చూడమనకుండానే. మూలన మసకగా ఒక మగమనిషి వీపు, బట్టతల.

సోమవారం

పోస్టర్లు పడ్డాయి. పక్క భవనం నర్సులు ఆమెని ఆపి అడిగారు.

"సూపరింటెండెంటునేనా అక్కా అలా కడిగేస్తున్నావు?"

"కాదమ్మా, మా ఆయన్ని."

నవ్వులు. "ఐతే నీకే వేస్తాం. ఇంట్లో అడగగలిగినదానివి, సూపరింటెండెంటుని అడగలేవా?"

నేను వివరణ రాయడానికి కూర్చున్నాను. మూడు పేజీలు వచ్చింది. చదివి చూస్తే అందులో ఆమె ఒక్కచోటే ఉంది, మిగతాదంతా నేనే. చించేశాను. మంచి శైలి, వృథా అయింది.

గురువారం

గెలిచింది. సంఘం పత్రికకి కొత్త కార్యదర్శి ఫోటో కావాలట.

"మీరే తీయండి," అంది. "నోరు విప్పకుండా తీస్తానంటేనే."

నిర్ణయం. రేపు ఒక్క మాట కూడా మాట్లాడను. ఈ మౌనం ఎందుకు అవసరమో తీసేముందు ఓ ఐదు నిమిషాలు వివరిస్తాను, అంతే.