చెప్పులు విడిచే చోటు

కోయంబత్తూరు,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

మరియమ్మ అక్కకు, బావకు మీ ప్రసాదు వందనాలు. దేవుని దయవల్ల నేనూ, నీ బిడ్డ శాంతీ ఇక్కడ బాగున్నాం. మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఈసారి మన మిరప చేను తెగులు తగలకుండా నిలబడిందా? బాగున్నామని రాశాను గానీ, అక్కా, శాంతి బాగుంది. నేను బాగా లేను.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. బావకు చేస్తే, "మీ అక్కను కొన్ని దినాలు కదిలియ్యకు బామ్మర్ది" అని పెట్టేశాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. చించిపారేసే లోపు రెండు వరుసలైనా చదువుతావని ఆశ.

ఇక్కడ సాయంత్రమైతే కొండగాలి చల్లగా వస్తుంది, మధ్యాహ్నం మాత్రం అచ్చం మన ఏన్కూరు ఎండే. హాస్టల్‌లో ఏ పూట చూసినా సాంబారే. శాంతి ముక్కు విరుచుకుంటూనే తినేస్తుంది. నా వచ్చీరాని తమిళం విని పడీ పడీ నవ్వుతుంది. ఆదివారం గదిలో ఒక్కణ్నే ఉన్నప్పుడు మీ అందరి మాటలూ చెవిలో పడుతున్నట్టే ఉంటుంది.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాలేజీలో ఆటల విభాగానికి ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. దానికి ఫోటోలు, రీళ్ళు తీసేది నేను. పిల్లలు గెలవడం ఒక ఎత్తు, ఆ గెలుపు ఫోన్లో ఎంత అందంగా కనపడిందన్నది ఇంకో ఎత్తు. ఆ పేజీ చూసే కొత్త పిల్లలు చేరతారు, స్పాన్సర్లు వస్తారు. అందుకని ఆడే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఒక వేషం కడతాం. కుస్తీ పట్టేవాడొకడున్నాడు, వాడికి నోరు తెరిస్తే నవ్వే. నవ్వొద్దురా బాబూ అని బతిమాలి, కళ్ళెర్ర చేయించి తీస్తాను. పేజీలో వాడు పులి. పరుగు పందేలకు దిగే మన శాంతి వంతు వచ్చేదాకా ఇదంతా నాకు తమాషాగానే ఉండేది.

"మీది భద్రాచలం అడవి వైపు కదా, ఆ అమ్మాయిని షూస్ లేకుండా పరిగెత్తించు, అదే మన బ్రాండ్" అన్నారు స్పోర్ట్స్ డైరెక్టర్ సారు. మా ఊరు అడవి అంచున ఉన్నా మా పిల్లలు షూస్ వేసుకునే పరిగెత్తుతారు సార్ అని చెప్పాల్సింది. సరే సార్ అన్నాను. నువ్వు మన చేను చాలక పరాయి చేలల్లో కూలికి మిరపకాయ ఏరి ఖమ్మంలో కొనిపెట్టిన షూస్‌ని నా చేతులతోనే పక్కన పెట్టించాను. చెమట మెరవాలని మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద పరిగెత్తించాను. "ఇంకొక్కసారి బిడ్డా, ఇంకొక్కసారి" అంటూనే ఉన్నాను. రీలు మీద "చెప్పుల్లేని అడవి లేడి" అని రాశాను. ఆ మాట సారుది కాదక్కా, నాదే.

అది తిరిగి తిరిగి మన ఊరికే వచ్చింది. చర్చిలో ఎవరో నీకు చూపించారట. నువ్వు ఫోన్ చేసి అన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. "తాత దొర ఇంటి ముంగట చెప్పులు చేతుల వట్టుకొని నడిసేటోడు. ఆ బాధకే గదరా నాయిన మనకు అన్నిటికన్న ముందుగాల చెప్పులు కొన్నడు! దేవుని ముంగట ఇడుస్తం, ఇంటి గడప కాడ ఇడుస్తం. నీ కెమెరా ముంగట నా బిడ్డ ఎందుకు ఇడవాలెరా? సెలవులకు రానియ్యి, మళ్ళ పంపితే అడుగు!"

నీకు తెలియనిది ఇంకొకటుంది. చెప్పకుండా ఉంటే నాకు అన్నం సహించడం లేదు. యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్‌లో జ్వరమొచ్చి ఆగిపోయానని శాంతి నీతో చెప్పింది కదా. జ్వరం కాదక్కా. ఆ తారు వేడికి దాని అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాకూ చెప్పకుండా దాచి, వాటితోనే పరుగుకు దిగింది. సగంలో కుంటుకుంటూ పక్కకు వచ్చేసింది. దవాఖానాలో కట్టు కడుతుంటే చూశాను.

"కాలుతున్నయని ఆ దినమే అనొచ్చు గదనే?" అన్నాను.

"తీసేది నువ్వాయె మామా. ఇంకొకలైతే నేను షూస్ ఇడుద్దునా?" అంది.

బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఆ రీలు తీసేశాను. దొంగచాటుగా కాదు, సారుకు చెప్పే తీసేశాను. ఆయన మండిపడ్డారు. షూస్‌తో ఉన్న ఫోటో పెడదామంటే, "షూస్ వేసుకున్న పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు" అన్నారు. గేటు దగ్గర అదే బొమ్మతో కట్టిన ఫ్లెక్సీ ఇంకా వేలాడుతూనే ఉంది, దించమని అడుగుతూనే ఉన్నాను. ఉద్యోగం ఊడితే ఊడనీ, మళ్ళీ పెళ్ళిళ్ళ ఫోటోలు తీసుకుంటాను. దానికి నువ్వు దిగులు పడకు.

శాంతి కాళ్ళు మానాయి, నిజంగా మానాయి. పొద్దున్నే లేసులు బిగించి గ్రౌండ్‌కు పోతోంది, ఈసారి సెలక్షన్స్ వదలనంటోంది. నన్ను తిట్టు, నా ముఖం చూడకు, పడతాను. నామీది కోపంతో దాని పరుగు మాత్రం ఆపకక్కా. దానికి నీ మామిడికాయ తొక్కు కావాలట. అడిగే ముఖం నాకు లేదు, దాని పేరు మీదే పంపు. "మామకు పెట్టకు" అని సీసా మీద రాసినా సరే.

ఈ కవర్లో ఒక ఫోటో పెట్టాను. శాంతి గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని లేసులు కట్టుకుంటోంది. లోగో లేదు, ఏ రాతా లేదు. ఏ పేజీలోనూ పెట్టలేదు, ఇది నీకే.

అమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. ప్రార్థనలో శాంతి పేరు ఎత్తినప్పుడు, మనసొప్పితే నా పేరు కూడా ఎత్తు.

సెలవులకు దాన్ని నేనే తీసుకొస్తాను. ఎప్పుడొచ్చినా చెప్పులు ఒకటటు, ఒకటిటు విసిరేసి నీకంటే ముందే వంటింట్లోకి దూరేవాణ్ని కదా. ఈసారి వాకిట్లో చెప్పులతోనే నిలబడతాను. "ఇడిసి లోపలికి రారా" అని నువ్వంటేనే విడుస్తాను.

నీ తమ్ముడు,
ప్రసాదు