బతికున్నవాడి చివరి బొమ్మలు

కార్ఖానా, సికింద్రాబాద్,
కార్తీకం, సోమవారం.

కాంతమ్మక్కకు తమ్ముడు భద్రయ్య నమస్కారం పెట్టి రాస్తున్నది.

నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నూనె రాయించుకుంటున్నావా, లేక సీసా కిటికీలో పెట్టి దాన్ని చూస్తూ కూర్చుంటున్నావా? ఎదురింటి సుబ్బారాయుడు బావ ఇంకా అందరికీ వైద్యం చెబుతున్నాడా? మన బొమ్మల వీధిలో అందరూ క్షేమమని తలుస్తాను. నా గురించి బెంగపడకు. నేను బాగానే ఉన్నాను.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోవద్దు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి ‘ఆఁ, ఆఁ’ అంటావు. ఈసారి నాకు ఆ ‘ఆఁ’ చాలదు. నీ కొడుకు వాసు గురించి నిన్ను ఒకటి అడగాలి. అడుగుతాను. కాని నా సంగతి నీకు తెలుసుగా, పక్కింటికి వెళ్ళాలన్నా ఊరంతా తిరిగి వెళ్ళే మనిషిని. కాస్త ఓపిక పట్టు.

నన్ను ఇక్కడికి తీసుకొస్తూ వాసు, ‘చిన్న చిన్న బొమ్మలు మామయ్యా, కూర్చుని చేసుకునే పని’ అన్నాడు. అందులో అబద్ధం లేదు. బొమ్మ బొటనవేలంత. టికీ అంటారు దాన్ని. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం దీవుల్లో జనం తమ పెద్దల రూపాలను నిలువెత్తు మానుల్లో చెక్కి నిలబెట్టుకునేవారట. గుడ్లురిమే కళ్ళు, చెవిదాకా సాగిన నోరు, పొట్టి కాళ్ళు, పొట్ట మీద రెండు చేతులు. వాసు మొదటిసారి ఫోనులో చూపించగానే ‘ఇదేంట్రా, పెళ్ళిభోజనం ముగించిన మన పెదనాన్న!’ అన్నాను. ఇప్పుడు ఆ పెద్దల్ని బొటనవేలంత చేయించి తాళంచెవులకూ, మెడలో తాళ్ళకూ తగిలించుకుంటున్నారు. ఎవరి పెద్దలు వచ్చి ఎవరి జేబుల్లో తిరుగుతున్నారో చూడు.

ఇక చెక్క సంగతి. మన పొణికి చెక్క మర్యాదస్తురాలు, ఉలి చూపిస్తే చాలు దారి ఇస్తుంది. ఇక్కడిది అచ్చం మన చిన్నత్త. ఎటునుంచి వెళ్ళినా ఎదురు మాటే. ఆఫ్రికా నల్లచెక్కట, దక్షిణ అమెరికా ఊదారంగు చెక్కట, వాసు ఎక్కడెక్కడి కోతముక్కలో తెప్పిస్తాడు. ఒకదాని పేరు నాకు నోరు తిరగదు. అది నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుందన్నారు. ఇన్నేళ్ళు చెక్కతో బతికినవాణ్ణి, నమ్ముతానా? బకెట్లో వేశాను. మునిగింది. తీసి మళ్ళీ వేశాను. మళ్ళీ మునిగింది. నీ కోడలు వచ్చి, ‘మామయ్యగారూ, ఆ నీళ్ళు మీ స్నానానికి పెట్టాను, మీ ఆటలకు కాదు’ అంది.

మన దగ్గర కాలు వేరే, చెయ్యి వేరే చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తాం. ఇక్కడ అంతా ఒకే ముక్క. మన దగ్గర ముక్కు విరిగితే మక్కు ఉంది. ఇక్కడ ముక్కు విరిగితే ఆ పెద్దమనిషి పని అయిపోయినట్టే. మొదట్లో చాలామంది పెద్దల్ని పాడుచేశాను. ఆ పొడికి తుమ్ములు, వేళ్ళకు బొబ్బలు. అప్పుడు వాసు నా చేతికి పసుపు రాసి కట్టు కట్టాడు. ఆ మాట కూడా చెప్పాలి కదా. తర్వాత చెయ్యి కుదిరింది. అక్కా, ఆ చెక్కకు రంగు అక్కర్లేదు. గరుకు కాగితం పట్టి, గుడ్డతో రుద్దితే లోపలినుంచి దీపం పెట్టినట్టు మెరుస్తుంది. రంగులు వేసే నీతో ఈ మాట అనకూడదు, కాని అనేశాను. నా జీవితంలో ఇంత మంచి పని చేయలేదు.

చలి మొదలైంది. నా గది మిద్దె మీద రేకుల గది కాబట్టి మాకంటే ముందే దానికి తెలుస్తుంది. కూరల్లో పులుపు లేదు. చింతపండు కాస్త ఎక్కువ వేయమ్మా అంటే ‘కడుపులో మంట మామయ్యగారూ’ అంటుంది కోడలు. ఆదివారం పక్క వీధి చర్చిలో పాటలు వినపడతాయి. వాళ్ళలో ఒకాయన అందరూ ఆపేశాక కూడా కాసేపు పాడతాడు. ఆయన కోసమే వింటాను. మాట్లాడటానికి నాకు యాదగిరి ఒక్కడే. బొమ్మలకు మెరుగు పెట్టే పనివాడు, నలభై దాటిన మనిషి, భువనగిరి వైపువాడు. మొదటి రోజే, ‘పెద్దాయనా, మీ ఆంధ్రోళ్ళ బొమ్మలకు మూతులు గింత పెద్దగుంటయేంది?’ అన్నాడు. ఇవి మావి కావయ్యా అంటే, ‘మరి మూతి నీ లెక్కనే ఉన్నది గద’ అన్నాడు. ఆ రోజునుంచి మా ఇద్దరికీ స్నేహం.

ఆ యాదగిరే మొన్న శుక్రవారం టీ గ్లాసు నా చేతికిచ్చి, అటూ ఇటూ చూసి, పక్కన కూర్చున్నాడు.

‘పెద్దాయనా, ఒక మాట అడుగుత, గుస్స చెయ్యకు. నువ్వు సచ్చిపోయినవంట గద?’

‘ఎప్పుడు?’ అన్నాను. నోటికి అదే వచ్చింది.

‘గది నాకెర్క లే. సైనిక్‌పురిల మన బొమ్మలు అమ్మకానికి పెట్టిండ్రు చూడు, ఆడికి పాలిష్ డబ్బ ఇయ్యనీకి పోయిన. నీ ఫోటో ఉన్నది. దండ సుత ఉన్నది. పొద్దుగాల్నే గద నీకు చాయ్ ఇచ్చిన!’

‘ఏం దండ?’

‘చామంతి. మంచిగనే ఉన్నది.’

‘అయితే కాస్త ఖర్చే పెట్టాడు’ అన్నాను. యాదగిరి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మర్నాడు గుడికని చెప్పి బస్సెక్కాను. సైనిక్‌పురిలో మా బొమ్మలు అమ్మే ఆ హాలుకు వస్తానని ఇంతకు ముందు ఎప్పుడన్నా, ‘అక్కడ మెట్లెక్కువ మామయ్యా, నీకెందుకు శ్రమ’ అనేవాడు వాసు. ఎంత ప్రేమ అనుకునేవాణ్ణి. వెళ్ళి చూస్తే ఒక్క మెట్టు లేదు.

గుమ్మంలోనే బల్ల. బల్ల నిండా నల్లగుడ్డ మీద నా బొమ్మలు. వెనక గోడకు నేను. పైన బోర్డు: ‘కీర్తిశేషులు భద్రయ్యగారి చివరి శిల్పాలు.’ నుదుట కుంకుమ, కింద అగరొత్తులు. ఆ ఫోటో నీకు తెలుసు. వాసు పెళ్ళిలో భోజనాల దగ్గర తీసింది. నా చేతిలో సాంబారు బకెట్టు, చివరి పంక్తికి అప్పడాలు అందాయో లేదోనని కంగారుగా చూస్తున్నాను. బకెట్టు కత్తిరించేశారు, పంక్తి కత్తిరించేశారు, మొహం ఒక్కటే పెద్దది చేశారు. అప్పడాల కోసం చూసిన చూపు కాస్తా పరమార్థం కోసం చూస్తున్నట్టు ఉంది. దాన్ని చూస్తూ నిలబడితే, నేను పోయానన్న సంగతి ఒక నిమిషం నాకే నమ్మబుద్ధయింది.

మరి ఆ ఫోటో లోకంలో ఒక్కటే ఉంది. నీ పడకగదిలో, వాసు నాన్న ఫోటో పక్కన.

అది తలపుకు వచ్చేసరికి నేను వచ్చిన పని మరిచిపోయాను. కేకలేద్దామని వెళ్ళినవాణ్ణి ఊరికే నిలబడ్డాను. ఇంతలో ఒక పెద్దావిడ, నేవీలో చేసి రిటైరైనాయన భార్యట, నీళ్ళలో మునిగే చెక్కతో నేను చేసిన బొమ్మను అరచేతిలో పెట్టుకుని ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది.

‘ఎక్స్‌క్యూజ్ మీ, మీరు ఆయన బ్రదరా? సేమ్ ఫేస్ అండీ!’

బల్ల వెనక వాసు లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు నా రంగు గిన్నె తన్నేసి నీ కొంగు వెనక దాక్కున్నాడే, అదే మొహం. ఆ మొహం చూశాక నా నోరు నా మాట వినలేదు.

‘అవునమ్మా, తమ్ముణ్ణి’ అన్నాను.

‘అయ్యో! చాలా మిస్సవుతుంటారు కదా?’

‘బాగా.’

‘ఎలాంటి మనిషండీ ఆయన?’

‘అమాయకుడమ్మా. ఇంట్లోవాళ్ళు ఏది చెప్పినా నమ్మేవాడు.’

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఒకటి తీసుకుందామని వచ్చినావిడ రెండు తీసుకుంది.

తిరిగి ఆటోలో వాసే నన్ను తీసుకొచ్చాడు. ఇంటికొచ్చాక నా మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాడు.

‘కోప్పడకు మామయ్యా. బతికున్నవాడి బొమ్మయితే, మళ్ళీ వచ్చినప్పుడు కొందాంలే అంటారు. పోయినవాడిదంటే చేతిలోంచి దించరు. ఇది వ్యాపారం. నీకేం తక్కువైంది చెప్పు?’

‘ప్రాణం ఒక్కటేరా. నాకు ఎటూ పిల్లల్లేరు, నా కర్మ చేయాల్సినవాడివి నువ్వే. కాస్త ముందుగా మొదలుపెట్టావు’ అన్నాను.

తల వంచుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ‘ఆయన పెట్టెలో ఇంకొన్ని దొరికాయని చెప్పాను మామయ్యా. బెంగుళూరు నుంచి ఒకాయన అడుగుతున్నాడు. ఈ నెలాఖరుకు నువ్వు చేసివ్వాలి’ అన్నాడు. చచ్చినవాడికి గడువు పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదక్కా.

‘నేను చెయ్యను’ అన్నాను. అప్పుడన్నాడు ఆ మాట.

‘అమ్మకు ముందే చెప్పాను మామయ్యా. ఎందుకో తెలిసే ఫోటో గోడ మీంచి తీసిచ్చింది. నవ్వింది కూడా.’

ఇదిగో, నేను అడగదలుచుకున్నది ఇక్కడికి వచ్చింది. నువ్వు నవ్వావా? నీ నవ్వులన్నీ నాకు తెలుసు. నాన్న కేకలేస్తుంటే పెదవి బిగబట్టి నవ్వే నవ్వు వేరు. బావ తరఫువాళ్ళు వచ్చినప్పుడు మర్యాదకు నవ్వే నవ్వు వేరు. వాసు ఏం అడిగినా ఇచ్చేముందు నవ్వే నవ్వు ఇంకొకటి ఉంది. అదేనా? ఆ ఫోటో మేకు మీంచి తీస్తున్నప్పుడు, దీని మీద బొట్టు పెడతారు, దీనికి దండ వేస్తారు అని తెలిసి నీ చెయ్యి ఆగలేదా? అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి కదా అది. వాసు మీద కోపం వచ్చింది, సగం దిగింది. వాడు వ్యాపారంలో పడినవాడు, రేపు నాతోనే మళ్ళీ నవ్వుతూ మాట్లాడతాడు. నీ మీదది మాత్రం దిగడం లేదు.

నేను అరవలేదు. ‘నేను పోయానంటున్నావుగా, మంచిది. మన వీధిలో పనివాడు పోతే ఏడాది తిరిగేదాకా అతని ఉలులు ఎవరూ ముట్టరు. మీ తాతవి మూట కట్టింది మీ అమ్మే, కావాలంటే అడుగు’ అన్నాను. నా ఉలులన్నీ తుడిచి, నూనె రాసి, పాత పంచె చింపి మూటకట్టి, యాదగిరిని పిలిచి అటక మీద పెట్టించాను. వాసు మొదట నవ్వాడు. తర్వాత, ‘మామయ్యా, అది నిజంగా పోయినవాళ్ళకు కదా’ అన్నాడు.

‘ఆ మాట సైనిక్‌పురిలో చెప్పు’ అన్నాను.

యాదగిరి నిచ్చెన దిగుతూ, ‘ఏడాదంటే శాన లంబ ఐతది పెద్దాయనా. నేను దేనికి మెరుగు పెట్టాలె?’ అన్నాడు. పాపం, అతని పరేషాన్ అతనిది.

అప్పటినుంచి ఖాళీగా కూర్చున్నాను. చేతులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. అన్నం దగ్గర కూర్చుని గోటితో పీట మీద కళ్ళూ మూతీ గీస్తుంటే కోడలు చూసి తల తిప్పుకుంది. చేయాలని లేక కాదక్కా. ఆ ఊదారంగు ముక్క ఒకటి సగం చెక్కినది కిటికీలో ఉంది. దాని నోరు ఇంకా తెరవలేదు.

నాలుగు రోజులు చూసి వాసు నీకు ఫోను చేస్తాడు. ‘ఉలులు దింపమని మామయ్యకు చెప్పమ్మా’ అంటాడు. నువ్వు చెబితే నేను దింపుతానని వాడికి తెలుసు. నాకూ తెలుసు. అందుకే వాడి ఫోనుకంటే ముందు ఈ ఉత్తరం అందాలని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దింపమని చెప్పాలనుకుంటే చెప్పు. కాని దానికి ముందు ఆ దండ తీసి, బోర్డు మార్చమని వాడికి చెప్పు. వరస అది. నువ్వేమీ చెప్పకపోతే మూట అక్కడే ఉంటుంది, నువ్వు నవ్విన నవ్వు ఏదో కూడా నాకు తెలిసిపోతుంది.

వచ్చేవాళ్ళెవరైనా ఉంటే గోంగూర పచ్చడి ఒక సీసా, నా ఊలు మఫ్లరు పంపించు. కంటి చుక్కల పేరు మరిచిపోయాను, సుబ్బారాయుడు బావనడిగి రాయి. ఆయనకు నా నమస్కారాలు. బొమ్మల వీడియో కూడా పెట్టారట. అది చూసి ఎవరైనా పరామర్శకు వస్తే, కాఫీ ఇచ్చి, ఇంకా పోలేదని చెప్పి పంపెయ్యి. వీధిలో పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. నా ఆరోగ్యం గురించి దిగులు వద్దు. నేను బాగానే ఉన్నాను.

ఇంకొక్క మాట. నువ్వు నాకు ఏ ఉత్తరం రాసినా ‘చిరంజీవి భద్రాన్ని ఆశీర్వదించి’ అని మొదలుపెడతావు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి జవాబు రాసేటప్పుడు ఆ మొదటి మాట దగ్గర కాసేపు ఆగు. మనసొప్పితేనే రాయి.

నీ దీవెన కోసం తలవంచి,
నీ తమ్ముడు
భద్రం