చున్నీ కింద నూనె సీసా

ఎవాంజెలిన్,

క్యాంపస్‌లో ఎగ్జామ్ డ్యూటీ ఉన్నది, పోతున్న. నువ్వు నిద్రలో ఉండంగనే నీ బ్యాగులు మళ్ళా సర్దిన. కోపం చేయకు.

బాడీ స్ప్రేకు మూత గట్టిగ పెట్టి పెద్ద సూట్‌కేసులో వేసిన. ఫేస్‌వాష్ కూడా అందులనే ఉన్నది. సగమే ఉన్నది కదా అని చేతిబ్యాగులో పెట్టుకోకు. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీల ట్యూబు మీద రాసిన సైజే చూస్తరు, వంద ఎంఎల్ దాటితే పారేస్తరు. ఆ స్ప్రే నాది, అడగకుండనే తీసుకున్నవ్. సరే, ఇంటర్వ్యూకు పోతున్నవ్ కదా, ఉంచుకో.

అసలు సంగతి, అమ్మ నీ చేతిబ్యాగులో చున్నీ కింద పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె దాచింది. ఇంత పెద్ద సీసా! అది ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడిందంటే, నీకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిందన్నా అమ్మ నమ్మదు. తీసి ఆమె బైబిల్ పక్కన పెట్టిన. చూసి అలుగుతది.

తార్నాక సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఉంటది, జల్ది బయల్దేరు. ఈసారి నీకే వస్తది.

రాహేలక్క

మర్చిపోయిన. బయల్దేరే ముందు ఆ నూనె అమ్మతోనే నెత్తికి రాయించుకో. సెక్యూరిటీ వాళ్ళు సీసాను ఆపుతరు గానీ, అమ్మ నెత్తికి రాసింది ఆపలేరు.