నమిలేసిన ఆకు

జూలై 1, మంగళవారం

మబ్బు పట్టింది, గాలి ఎత్తుకుపోయింది. ఈ ఊరి మబ్బుకు ఇదొక అలవాటు. పెళ్లిచూపులకొచ్చి కాఫీ తాగి, ‘కబురు చేస్తాం’ అని లేచిపోయే సంబంధం మాదిరి.

భారతి వచ్చింది. నెలకు రెండు మంగళవారాలు వస్తుంది. ఏదో ఒకటి తేల్చుకోలేక తన దగ్గర కోచింగ్‌కు వచ్చే మనుషుల సంగతులు నా ముందు పెడుతుంది. ఊరందరి బరువూ మోసేవాళ్లకు కూడా తలమీది మూట కాసేపు దించుకునే అరుగు ఒకటి కావాలి కదా. దాన్నే సూపర్‌విజన్ అంటారు. బస్సులో కండక్టర్‌గా ఉన్నప్పుడు చెకింగ్ ఎక్కితే నా గుండె జారేది. రిటైరయ్యాక కోచింగ్ నేర్చుకుని, ముసలితనంలో నేనే చెకింగ్!

మా గదిలో క్లయింట్ల పేర్లు పలకం. పంటల పేర్లు పెట్టుకుంటాం. కొన్నాళ్లుగా భారతి ‘కొర్ర’ అనే ఆయన గురించి చెబుతోంది. సర్పంచ్‌గా నిలబడమని వాళ్ల అన్న ఒత్తిడి. ఈయనకు ఇష్టమో కాదో ఈయనకే తెలియదు. అది తేల్చుకోవడానికే ఈమె దగ్గరికి వస్తాడు.

ఈరోజు ఉన్నట్టుండి —

“గురువారం ఎప్పుడొస్తాదా అని చూస్తాండా సార్.”

“కొర్ర వచ్చే రోజా?”

తల ఊపింది. నలభై దాటిన మనిషి, పెళ్లి ఊసెత్తని మనిషి, బ్యాంకు ఉద్యోగం ఒక్క మాటతో వదిలేసిన మనిషి... కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

“ఆయనకు తెలుసా?”

“నేనేం చెప్పల్యా. ఆయనా ఏమీ అన్ల్యా. కానీ సార్, పోయిన వారం ‘నిలబడను’ అన్యాడు. నాకు లోపల సంతోషమాయె. అది నా మొకంలో కనపడింటే? దాన్ని చూసే ఆయన ఆ మాట అనింటే?”

అదీ భారతి. ప్రేమ పీకల మీదికొచ్చినా ముందు తన తూకం సరిగా ఉందా అని చూసుకుంటుంది.

చెప్పాను. ఎల్లుండి రద్దు చెయ్. ఆ పై గురువారం ఆఖరిది. ఇంకో కోచ్‌కు అప్పగించు. కొన్నాళ్లు ఎడం. ఆ తర్వాత మీ ఇష్టం, ఇద్దరూ పెద్దవాళ్లు.

సరేనంది. చెప్పులు వేసుకుంటూ ఆగి — “ఆఖరిది అంటే, నేను వద్దనుకున్యా అనుకుంటాడేమో కదా సార్...”



జూలై 2

చుక్క లేదు. కోచ్‌నని చెబితే ఇప్పటికీ అడుగుతారు — “ఇంజనీరింగ్‌కా సార్, పోలీసు సెలక్షన్‌కా?”

జూలై 5, శనివారం

ఎంత పని చేశాను!

భోజనం అయింది. అరుగు మీద కూర్చున్నాను. ఓబులేసు వచ్చాడు. రాప్తాడులో డ్రిప్పు పైపుల అంగడి, భార్య పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల నాయన రోజూ నా బస్సే ఎక్కేవాడు. టికెట్ అడిగితే, “ఏమప్పా, నా మొకం సూస్తే టికెట్ మాదిరి ల్యాదా?” అనేవాడు. ఆ నవ్వే ఈ కొడుక్కీ వచ్చింది. అందుకే వీడిని చూస్తే నాకు ముచ్చట.

“ఒక మాట మీ చేతిలో పెడదామని వచ్చినా అన్నా,” అంటూ కాగితం పొట్లం విప్పాడు. లేత తమలపాకులు. వక్క. సున్నం కూడా తెచ్చాడు మహానుభావుడు.

మధ్యాహ్నం భోజనం చేసిన నోరు. ఆకు చూసిన చెయ్యి. తొడిమ తుంచాను, సున్నం రాశాను, నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు కదా వాడు అసలు మాట ఎత్తాడు —

“మీరు పెద్దమనిషిగా అడగాల. నాకు కోచింగ్ ఇస్తాండే భారతి మేడమ్‌ను... చేసుకుంటానని.”

నమలడం ఆగిపోయింది. వీడే కొర్ర.

మా వైపు పెళ్లి మాట అడగమని పెద్దమనిషి చేతిలో ఆకు వక్క పెడతారు. తీసుకుంటే మాట ఇచ్చినట్టే. నేను తీసుకోవడంతో ఆగలేదు, సగం మింగాను కూడా.

వాడు చెప్పుకుపోతున్నాడు. “మొన్న గురువారం మేడమ్ రద్దు చేసినాది. అప్పుడు తెలిసె అన్నా, గురువారం లేకుంటే నాకు వారమే ల్యాదని.” ఇంకా — “మా అన్న గూడా నా ముందర ఆకు వక్క పెట్టినాడు, నిలబడమని. యింకా ముట్టుకోల్యా. ఆమె ఎదురుగా కూచుంటేనే వద్దనే ధైర్యమొస్తాది.”

అంటే భారతి భయపడిందంతా నిజం. వీడి ‘వద్దు’లో ఎంత వీడిదో, ఎంత ఆమె కోసమో.

ఒక్క మాట అంటే ఇద్దరి కళ్లూ వెలుగుతాయి. ఆ ఒక్క మాట నాది కాదు. ఆమె నా గదిలో దించిన మూట అది.

నోట్లో ఆకు ఉంది కాబట్టి మాట్లాడలేదు. వాడు కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మాట్లాడకుండా నమిలే పెద్దమనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు?

జూలై 6, ఆదివారం

మా ఆవిడ రాములమ్మ నిన్న గడప వెనకే ఉందట. వాడి మాటంతా విన్నది. పొద్దున ఉగ్గాని వడ్డిస్తూ నవ్వు.

“నమిలితివి కదా, ఇంగ పొయ్యి అడుగు. మంచి జోడీ.”

“నేను అడగకూడదు.”

“ఏం, ఆ పాపకు ఇష్టం ల్యాదా?”

నీళ్ల చెంబు వైపు చూశాను.

“అయితే ఇష్టమే!”

“నేనేమీ అనలేదే!”

“అన్ల్యా. చెంబును సూసినావు.”

ఇన్నేళ్ల కాపురంలో పెదవులు మూసుకోవడం నేర్చుకున్నాను, ముఖం మూసుకోవడం రాలేదు. బయట ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. “నాకెందుకప్పా,” అంది. ఆ ‘అప్పా’లో ఎంత నమ్మకం ఉంచవచ్చో నాకు తెలుసు.

గుత్తి బస్సు గుర్తుకొస్తోంది. పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాం. వాడు ముందు సీటు, ఆమె వెనక సీటు, మధ్యలో కబుర్లు మోసేది నేను. “తిన్నాడేమో అడుగన్నా.” “ఆకలి ల్యాదని చెప్పు.” విసుగొచ్చి నా సొంత మాట ఒకటి కలిపాను — “ఆమె ఏడుస్తాంది.” ఏడవడం లేదు, వేరుశనగ కాయలు ఒలుచుకుంటోంది. వాడు లేచి వెనక్కి పోయాడు. గుత్తి కొండ కనపడేసరికి ఇద్దరూ ఒకే సీటు. ఎన్ని చోట్ల చెప్పి నవ్వించానో ఈ కథ! ఈరోజు నాకే నవ్వు రావడం లేదు. బస్సు దిగాక ఆ సీటు ఎన్నాళ్లు నిలిచిందో నేను ఎన్నడూ కనుక్కోలేదు.

జూలై 7

చెకింగ్‌కూ ఒక చెకింగ్ ఉంటుంది. నా పై సూపర్‌వైజర్ బెంగళూరు మేడమ్‌కు ఫోన్ చేశాను. పేర్లు లేకుండా అంతా చెప్పాను.

“ఆకు వెనక్కి ఇచ్చెయ్యండి.”

“నమిలేశాను మేడమ్.”

 లైను పోయిందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది. తర్వాత నవ్వు లేని గొంతుతో — రెండు చోట్లా తప్పుకోండి, ఎవరి మాటా ఎవరికీ చేరకుండా.

చెప్పడం సులువు. బెంగళూరులో వానలు కూడా పడతాయి.

జూలై 8, మంగళవారం

భారతిని పిలిచి చెప్పాను. కొర్ర సంగతి ఇక నా దగ్గర వద్దు. బెంగళూరు మేడమ్‌తో మాట్లాడు.

“నేను తప్పు చేసినానా సార్?”

“నీదేమీ లేదమ్మా. తప్పు నాది.”

“ఏం తప్పు?”

“అది చెబితే ఇంకో తప్పు.”

నా ముఖం చూసింది. నేను ఈసారి చెంబు వైపు కూడా చూడలేదు, గోడ వైపు తిరిగాను. ఎర్రబడిన పెదవులను ఏ గోడ దాస్తుంది? రోజూ నమిలేవాడినే. అయినా ఈరోజు ఆమె చూపు అక్కడే ఆగినట్టు అనిపించింది.

“ఎల్లుండి ఆపేస్తా సార్. మాటిచ్చినా కదా,” అంది. లేస్తూ, ఎవరితోనో అన్నట్టు — “ఆదివారం చిలమత్తూరుకు పోతాండా. మా నాయన రమ్మన్నాడు.”

ఆకు సంగతి ఆమెకు అర్థమైందా? కాలేదా?

జూలై 9

కొత్త ఆకులు, కొత్త వక్కలు కొని రాప్తాడు పోయాను. వాడి బల్ల మీద పెట్టాను.

“ఇదేంది అన్నా?”

“నీది నీకు. నేను అడగలేనప్పా.”

వాడి నవ్వు చచ్చిపోయింది. “ఆమె వద్దనిందా?”

“నేను అడగనే లేదు. అడగను కూడా.”

“మరి ఎందుకు? నాలో ఏమన్నా కొదవా?”

దీనికి ఏ జవాబు చెప్పినా ఒక వైపు తలుపు తెరుచుకుంటుంది. అందరికీ చెప్పే నియమమే చెప్పాను — కోచింగ్ నడుస్తుండగా ఇలాంటి మాట రాకూడదు. ముందు అది ముగియాలి. కొన్నాళ్లు ఆగాలి.

“ఆగితే మా అన్న ఆగడు కదన్నా! ఎల్లుండి లోపల చెప్పమన్యాడు.” ఆకులు నా వైపు తోశాడు. “మీరు నమిలింది ఎట్ల వాపసు ఇస్తారు? ఇవి అంగడివి. రేపు నేనే అడుగుతా.”

బల్ల మీద వదిలేసి వచ్చాను. రేపు ఆమె ముగిస్తానంటుంది, వాడు పెళ్లంటాడు. ఎవరు ముందు నోరు తెరుస్తారో దాన్ని బట్టి... ఆమె ముందు తెరిస్తే వాడు అది వద్దన్నట్టే అనుకొని నేరుగా అన్న దగ్గరికి పోతాడు. వాడు ముందు తెరిస్తే ఆమె ఇంకా కోచే, అవునన్నా తప్పు, కాదన్నా అబద్ధం.

జూలై 10, గురువారం

పోకూడదు. పోయాను.

భారతి ఆఫీసు కింద టీ బంకులో కూర్చున్నాను. పక్కనే ఆకు వక్కల పెట్టె అంగడి. మేడ మీద కిటికీ మూసి ఉంది. మెట్ల దగ్గర ఓబులేసు బండి. టీ చల్లారింది, ఇంకొకటి చెప్పాను, అదీ చల్లారింది. ఆకాశంలో మళ్లీ మబ్బు — నమ్మలేదు.

ఎప్పటికో వాడు దిగాడు. ముఖం చదవాలని చూశాను. టికెట్ మాదిరి ఉండే ఆ ముఖంలో ఈరోజు ఏ ఊరూ రాసి లేదు. బండి ఎక్కలేదు. నేరుగా పెట్టె అంగడికి వచ్చాడు.

“లేత ఆకులు ఇయ్యన్నా. వక్క మంచిది చూసి.”

పొట్లం కట్టించుకొని తిరిగాడు. నన్ను చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి — ఏడ్చినందుకా, దుమ్ముకా?

“ఈసారి మీకు కాదులే అన్నా.”

మరి ఎవరికి? నిలబడతానని వాళ్ల అన్నకైతే ఊళ్లోకి పోవాలి. పెళ్లి మాటకు చిలమత్తూరులో భారతి నాయనకైతే బస్టాండుకు. బండి తోసుకుంటూ సర్కిల్ దాకా నడిచాడు. ఊరికైనా బస్టాండుకైనా అక్కడిదాకా దారి ఒకటే. అడ్డంగా లారీ ఒకటి ఆగింది. అది కదిలేసరికి వాడు లేడు.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. నేను పైకి చూడలేదు. పొద్దున రాములమ్మ ఇచ్చిన ఆకు జేబులోనే ఉంది, వాడిపోయింది. నోట్లో పెట్టుకోలేదు.