యాకూబ్ ‘వస్త’ అన్నాడు

అన్నా...

బాగున్నావా అని అడగడం అలవాటు, అడిగేశాను. నువ్వు పోయి మొన్న శనివారానికి ఏడాది నిండింది. సంవత్సరీకం చేశాం. కోడి కూర, సర్వపిండి చేసి పెట్టాను. కాకి అట్టే బతిమాలించుకోలేదు, వెంటనే వచ్చి ముట్టింది. నీ ఆకలి నాకు తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. నీ మీద కొంచెం, నా మీద కొంచెం. మిగతాదంతా నీ ఫుట్‌బాల్ పిచ్చోళ్ల మీద.

ముందు నీకు కావలసిన కబురు చెప్తాను. మన కాశిబుగ్గ టీం గెలిచింది. అవును, కాజీపేట టీం మీదే. ఫైనల్లో రెండు గోల్సు వేశారట. నువ్వుంటే ఏడ్చేవాడివి. నువ్వు లేవని నేనూ ఏడ్చాను... టీం కోసం మాత్రం కాదు.

తెల్లారి ఓదెలు మా ఇంటికి వచ్చాడు. వెంట పదిమంది. చాయ్ హోటల్ ఓదెలు ఇప్పుడు టీం సెక్రటరీ, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటున్నాడు. హోటల్లో టీవీ కూడా పెట్టాడు. అందులో ప్రపంచ కప్పు చూసినప్పటి నుంచి గల్లీలో అందరూ కోచ్‌లే.

లడ్డూల పొట్లం నా చేతిలో పెట్టి ఓదెలు ఏమన్నాడో తెలుసా? "సమ్మక్కా, సారన్న ఫోటో ఒకటియ్యి. క్లబ్బు రూంల పెడుతం. ఏదైతే అదైంది... ఆయన తప్పు మేం మాఫ్ చేసినం."

మాఫ్ చేశారట.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. బతికున్నన్నాళ్లు నీ కళ్లలో దుమ్ము కొట్టినవాళ్లు ఇప్పుడు ఆ కళ్లకు అద్దం, చెక్క ఫ్రేము చేయిస్తారట. వెనక నుంచి ఇంకొకడు మెల్లగా అన్నాడు, నా చెవిన పడింది: "పీడ పోయింది కాబట్టే గెలిచినం." పీడ అంటే ఎవరు అన్నా? నువ్వేనా?

ఆదివారం క్లబ్బుకు వచ్చి చెప్తానని వాళ్లను పంపించేశాను. ఆ నాలుగు రోజులు మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే ఒక్క దారం సక్కగా రాలేదు. తెగడం, ముడి వేయడం, మళ్లీ తెగడం.

నీకు తెలియనిదేం లేదు. అయినా మొదటి నుంచి ఒకసారి చెప్పుకోనివ్వు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. నువ్వు పెళ్లి చేసుకోకుండా టీంను చేసుకున్నావు. పొద్దంతా జంపఖానాల మగ్గం, సాయంత్రం గ్రౌండు. పక్కిల్లే కాబట్టి నీకు అన్నం పెట్టే పని నాది. ప్రతి ఏడూ ఫైనల్‌కు పోవడం, కాజీపేట మీద ఓడడం, నువ్వు రెండు రోజులు అన్నం మానేయడం. మన ఇంట్లో అదొక పండుగలా నడిచేది.

వాళ్లను గెలిపించేది యాకూబ్. సొంతూరు తొర్రూరు, ఆడేది కాజీపేటకు. ఎడమ కాలితో కొడితే గోల్ కీపర్ కదిలేలోపు బాల్ వలలో ఉండేదని నువ్వే చెప్పేవాడివి. వరంగల్‌లో వాణ్ని అడగని టీం లేదు. నువ్వు మూడు నెలలు వాడి వెంట తిరిగి, బతిమాలి, చివరికి ఒక రోజు ఇంటికి భోజనానికి పిలిచావు.

వచ్చాడు. మంచి పిల్లగాడే, తల ఎత్తకుండా తిన్నాడు. నా సర్వపిండి నాలుగు తిన్నాడు. నువ్వు చెప్తూనే ఉన్నావు... తొమ్మిదో నెంబరు జెర్సీ నీదే, కెప్టెన్ నువ్వే, కాశిబుగ్గ మొత్తం నిన్ను భుజం మీద మోస్తది అని. వాడు అన్నింటికీ "చూద్దాం అన్నా" అన్నాడు. పెద్దమనిషికి ఎదురు చెప్పలేనివాడు అంతకన్నా ఏమంటాడు?

నువ్వు చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లావు. వాడికి తొర్రూరు బస్సు టైమైంది. చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర నాతో అన్నాడు: "వస్త అక్కా." అని, వెళ్లిపోయాడు.

నువ్వు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏడి? ఏమన్నడే?" అని అడిగావు. నేను రాట్నం మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"వస్త అన్నడు."

అంతే కదా నేను అన్నది... వాడు అన్నమాటే చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు.

మన దగ్గర వెళ్లేవాడు ఎవడైనా వస్త అనే అంటాడు కదా అన్నా? ఆ మాట నాకు నేర్పింది నువ్వే కదా. చిన్నప్పుడు బడికి బయలుదేరుతూ "పోతాన్న" అంటే నెత్తి మీద మొట్టి, "పోత అనొద్దే, పాడు మాట. వస్త అనాలె" అన్నది నువ్వు కాదా? లోకమంతా వీడ్కోలుగా వినే మాట నీ ఒక్కడి చెవిలో ఒప్పుకోలుగా ఎలా పడింది?

చెప్పులు కూడా వేసుకోకుండా బజార్లోకి ఉరికావు. నేను కండె మార్చేలోపే ఓదెలు హోటల్ దగ్గర డప్పులు మోగాయి. అప్పుడు అర్థమైంది నాకు. గడపలో నిలబడ్డాను, నువ్వు రాగానే చెప్పేద్దామని.

వచ్చావు. "సమ్మక్కా, యాకూబ్ మన టీంకు వస్తాండే" అన్నావు. పెళ్లికొడుకు కళ ఏనాడూ ఎరగని ముఖానికి ఆ రోజు ఆ కళ వచ్చింది. నేను తిరిగి రాట్నం ముందు కూర్చున్నాను.

వాడు టీం మారే సంతకానికి ఇంకా పది రోజులున్నాయి. చెప్పొచ్చు. చెప్పలేదు. ఏమో, నిజంగానే వస్తాడేమో అనుకున్నాను... ఇంత తెలివి గలదాన్ని, నేనూ అట్లా అనుకున్నాను.

ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకానికి చివరి రోజు. హన్మకొండలో ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు ముందు కాశిబుగ్గ అంతా నిలబడింది. సైకిళ్లు, రిక్షాలు, డప్పులు, మనిషి ఎత్తు బంతిపూల దండ. అయిదు గంటలకు క్లర్కు తాళం వేసుకొని పోయాడు. యాకూబ్ రాలేదు.

ముందు యాకూబ్‌ను తిట్టారు. దారిలో కాజీపేట వాళ్లను తిట్టారు. కాశిబుగ్గ చేరేసరికి తిట్టడానికి నువ్వొక్కడివే మిగిలావు. ఆ దండను తెంపి, తెచ్చి శవానికి వేసినట్టు నీ తలుపుకు వేలాడదీశారు. బతికున్న మనిషి తలుపుకు... ఏ జాతి మనుషులు చేస్తారు ఆ పని? నేనే దాన్ని లాగి మోరీలో పారేశాను.

ఆ సాయంత్రం దీపం ముట్టించాక నన్ను మెల్లగా అడిగావు, వాడు అసలు ఎట్లా అన్నాడని. గడప, చెప్పులు, బస్సు, అన్నీ చెప్పాను. నువ్వు గోడకు ఆనుకొని కూర్చున్నావు. తర్వాత ఒక మాట అన్నావు. ఆ మాట పట్టుకొనే ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. నీ మాట అని చెప్పుకున్నాను గానీ, నిజానికి నా భయం కూడా అందులో ఉంది.

తెల్లారి గుంపు వచ్చింది. "ఎవలతోటి అన్నడు? ఎవలు విన్నరు?" అని ఒకటే అరుపులు. పెంకుల మీద రాళ్లు. నేను తలుపు వెనక నుంచి అడుగు ముందుకేశాను. నువ్వు చేయి అడ్డం పెట్టి, "నాతోనే అన్నడు. నా చెయ్యి పట్టుకొని అన్నడు" అన్నావు.

"అయితే బాల్ మీద చెయ్యేసి ప్రమాణం జెయ్యి" అన్నాడు ఓదెలు.

చేశావు. మగ్గం ఎక్కే ముందు దానికి దండం పెట్టేవాడివి, దారం తొక్కితే కళ్లకద్దుకునేవాడివి... నువ్వు బాల్ మీద అబద్ధపు ప్రమాణం చేశావు.

వాళ్లు ఊరుకుంటారా? వారం తిరిగేలోపు తొర్రూరు పోయి యాకూబ్‌ను అడిగారు. "సారన్న అప్పుడు పెరట్ల చెయ్యి కడుక్కుంటాండు. ఆయనతోటి నేనేమనలే" అన్నాడట. ఆ పిల్లగాడు అబద్ధం ఆడలేదు. అందుకే వాడి మీద నాకు ఇంకా కోపం. కాస్త ఆలోచించి ఒక్క అబద్ధం ఆడితే వాడి సొమ్మేం పోయేది?

ఇక చూడు. దొంగ ప్రమాణం సారయ్య అన్నారు. సెక్రటరీ పదవి పీకేశారు. గల్లీలో నడుస్తుంటే పోరగాళ్లు కూడా "సారన్నా, యాకూబ్ వస్తాండా?" అని నవ్వేవాళ్లు. టీం ఓడిన ప్రతిసారీ, గోల్ కీపర్ కాళ్ల మధ్య నుంచి బాల్ పోయినా సరే, నీ ప్రమాణమే తగిలిందన్నారు. ఆడరాక మద్దెల ఓడు అన్నట్టు... ఎనిమిదేళ్లు వాళ్ల చేతకానితనాన్ని నీ నెత్తిన మోశావు.

మేడారం జాతరకు పోయి నిలువెత్తు బంగారం, అదే బెల్లం, తూగి అమ్మల ముందు పెట్టి తప్పయిందని మొక్కుకున్నావు. వనదేవతలకు చెప్పుకున్నావు. మనుషులకు చెప్పలేదు.

పోయే ముందు కామెర్లు ముదిరి దవాఖానలో పదకొండు రోజులు ఉన్నావు. టీం వాళ్లు ఒక్కడు రాలేదు. నువ్వు మాత్రం నర్సును అడిగావు, ఈసారి సెమీ ఫైనల్ ఎవరి మీద అని. ఆమెకేం తెలుసు పాపం... నీకు సిగ్గు లేదా అన్నా, అప్పుడు కూడా?

మొన్న ఆదివారం క్లబ్బుకు పోయాను. ఆడది ఆ గడప తొక్కడం అదే మొదలు. కుర్చీ వేశారు, కూర్చోలేదు. చెప్పాను. "యాకూబ్ నాతోటి అన్నడు. పోయెటోడు అనే వస్త అది. నేను చెప్పింది మా అన్న తప్పు విన్నడు. మాట నా మీదికి రావొద్దని దొంగ ప్రమాణం చేసిండు."

అందరూ ఒక్కసారే లేచారు. "ఇన్నేండ్లు నోరు మూసుకొని కూసున్నవా? నీ అన్న పరువు పోతాంటె చూసుకుంట కూసున్నవా?" అన్నాడు ఓదెలు. ఆ మాట వాళ్ల నోటి నుంచి రావడమే నాకు ఎక్కువ మండింది, అయినా అది న్యాయమైన మాటే.

ఇంకొకడు, "అంటే ఈమె వల్లనే మనం ఓడింది" అన్నాడు. అప్పుడే లెక్క నా మీదికి మార్చేశాడు.

వాళ్లలో పెద్దాయన ఒకడు, నీతో పాటు బ్యాక్ ఆడిన యాదగిరి, అందర్నీ ఆపి అడిగాడు. "మరి సారన్నకు అంత తెలిసి మాకెందుకు చెప్పలే బిడ్డా?"

అప్పుడు చెప్పాను అన్నా. ఆ సాయంత్రం నువ్వు గోడకు ఆనుకొని నాతో అన్నది, నువ్వు అన్నట్టే చెప్పాను.

"నువ్వు చెప్పకు సమ్మక్కా. నన్ను తిడితే ఆళ్లే తిట్టి తిట్టి అలసిపోతరు. నిన్ను ఒక్క మాటన్నరనుకో, నేను కొడుత. నేను కొడితే కాళ్లు ఇరుగుతయి. కాళ్లు ఇరిగితే మన టీంల ఎవలు ఆడుతరే?"

యాదగిరి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఓదెలు కిందికి చూశాడు, తన కాళ్ల వైపే. కాసేపటికి చాయ్ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను.

"ఫోటో..." అని మెల్లగా గొణిగాడు.

ఇవ్వలేదు అన్నా. ఇవ్వను. మాఫ్ చేశామని వాళ్లు చెప్పుకుంటే సరిపోదు, మాఫ్ చేయాల్సింది నువ్వు. నువ్వు ఏనాడో చేసే ఉంటావు, నీ గుణం నాకు తెలుసు. నన్ను కూడా చేశావేమో...

నేను మాత్రం చేయను. వాళ్లను గానీ, నన్ను గానీ.

నీ చెల్లె,
సమ్మక్క