ఐదో మాట

ఒరేయ్ చంటీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా లేచి తిరుగుతున్నాం, అంతవరకు బాగున్నట్టే. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, ఆ వంకర అక్షరాలు చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

అడిగినవాటికి చెప్తాను. నాన్న మందులు వేసుకుంటున్నారు. నేను లాండ్రీకి పోతున్నాను. ఆస్పత్రి దుప్పట్లు మడతేస్తుంటే చేతులకి పని ఉంటుంది. ఇంటికొస్తే ఒక్కచోట కూర్చోలేను. చెల్లి పోయి ఏడు వారాలు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచి, మడతేసిన బట్టలే విప్పి మళ్ళీ మడతేశాను.

దాని స్కూలు వ్యాసం ఏమైందన్నావు. తొలినాటి ఇస్లాం నాగరికత మీద టీచరమ్మ రాయమన్నదే. జ్వరం రాకముందు మూడు చీటీలు రాసి గోడకి అంటించుకుంది: ఊరు, పుస్తకాలు, మాటలు. బాగ్దాదు గుండ్రంగా కట్టారట, నా టిఫిను డబ్బా మూత పెట్టి గీసింది, నూనె మరక కూడా దిగింది. ఎక్కడెక్కడి పుస్తకాలో తెప్పించి అరబ్బీలోకి రాయించుకున్నారని రెండోదాంట్లో రాసింది. మూడోది, ఆ అరబ్బీ నుంచి నడిచొచ్చి మన నోట్లో చేరిన మాటలు. కలం, కబురు, తారీఖు, హాజరు. ఐదో అంకె వేసి ఖాళీ వదిలింది. ఫోను ఇవ్వని ఆ ట్రైనింగులో ఉన్న నీకు ఉత్తరం రాసి అడిగింది ఆ ఒక్కటే కదరా.

టీచరమ్మ పిల్లలందరి వ్యాసాలూ కలిపి బైండు చేయిస్తోంది. చెల్లిది ఉన్నదున్నట్టే పెడతానంది. నాకు మనసొప్పలేదు, నేను నింపుతానని తెచ్చుకున్నాను. లాండ్రీలో ఆ మాట కోసం గొణుక్కుంటుంటే, దుప్పటి అవతలి అంచు పట్టే ఆవిడ, "ఏం వదినా, పెదాలు కదుపుతున్నావు, పరీక్షకి కూర్చుంటున్నావా?" అంది. "ఔను, ఐదో క్లాసు తప్పినదాన్ని, ఏకంగా ఎనిమిది రాస్తున్నా" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అంచు వదిలేశాను.

"నా ఉత్తరం చదివి చెల్లి ఏమంది?" అని మళ్ళీ అడిగావు. చెల్లి పోయిందని తెలిసి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి అడిగితే "చదివింది, నవ్వింది" అన్నాను. అబద్ధం రా. నీ ఉత్తరం చెల్లి పోయిన మర్నాడు వచ్చింది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పోస్టుమాన్ ఇచ్చాడు. పిండి డబ్బా కింద దాచేశాను. నవ్వింది అని ఒకసారి అనేశాను గానీ, అనని మాట దాని నోట్లో పెట్టలేను.

మొన్న విప్పి చదివాను. "ఐదోది జవాబు. ఆలస్యంగా ఇస్తున్నా, తిట్టకే ఎలుకపిల్లా" అని ఉంది. అదే ఖాళీలో రాసి ఇచ్చాను. టీచరమ్మ చూసి, "ఖాళీ వదిలినా సరిపోయేదమ్మా, ఖాళీ అన్న మాటా అరబ్బీదే" అంది. "వాళ్ళన్న చెప్పాడు, ఉండనివ్వండి" అన్నాను. ఇంటికొచ్చాక తట్టింది, నోటి అలవాటున జబాబు అని రాసేశాను! దిద్దుదామని నిన్న పరిగెత్తాను. బైండు అయిపోయింది. దాని వ్యాసంలో నీ మాట, నా తప్పు.

జ్వరంలో రెండుసార్లు "అన్న రాశాడా?" అని అడిగింది. కోపంగా కాదు. "రాస్తాడులే, బద్ధకిష్టి" అంది. అది మాత్రం నిజంగా అన్న మాట. నీకే దాచుకో. నన్ను తిడుతూ రాసినా సరే, రాయి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ

అన్నం మానకు. కడుపునిండా తిను.